పక్కింటాయన గుమ్మానికి తోరణం

ఇప్పటిదాకా జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను. మూడో ముక్కకు నాకు ఒళ్ళు మండిపోతుంది. పక్కింటి ప్రెబెన్ మూడేళ్ళుగా నాకు ఉత్తరాలు రాస్తున్నాడు. పోస్టులో వేయడు. వానకు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నా తలుపు పిడికి తగిలించి పోతాడు. నా షెడ్డు ఉత్తరపు గోడ ఆయన స్థలంలోకి నలభై సెంటీమీటర్లు వచ్చిందట, పడగొట్టాలట. అది చాలదన్నట్టు నా రేడియో మోత మీద ఒక ఉత్తరం, సుత్తి మోత మీద ఒకటి, నా దగ్గరికి వచ్చేవాళ్ళు కార్లు నిలిపే తీరు మీద ఇంకొకటి. మా రెండిళ్ళ మధ్య మేకులు పాతి ఎర్ర తాడు కట్టాడు. తాడుకు కాపలాగా కెమెరా పెట్టాడు. ఆ షెడ్డులోనే నేను పాత కుర్చీలకూ సోఫాలకూ కొత్త గుడ్డ వేసి బతుకుతున్నాను. గోడ పోతే షెడ్డు లేదు, షెడ్డు లేకపోతే ఈ యాభై మూడేళ్ళ వయసులో ఎవరి దగ్గరికో పనికి పోవాలి.

పోయిన వారం స్వెన్‌బోర్గ్ పట్నం నుంచి హద్దు కొలవబోయే సర్వేయరు ఫోన్ చేసి ఒక్క దారి చూపించాడు. గోడ ఇరవయ్యేళ్ళకు పైగా అక్కడే ఉందని తేలితే, పాత పటం ఏం చెప్పినా సరే, హద్దు గోడ దగ్గరే నిలుస్తుంది. కానీ నేను ఈ ఇల్లు కొని పందొమ్మిదేళ్ళే. ఆ గోడ కట్టి, నాకు ఇల్లమ్మిన ఆక్సెల్ ముసలాయన కాలం చేసి పదేళ్ళయింది, కాగితం ముక్క కూడా మిగల్చలేదు. "ఆ గోడను ఇరవయ్యేళ్ళ కిందట కళ్ళారా చూసిన మనిషి ఒక్కరు చాలు. సోమవారం పదింటికి వస్తాను," అన్నాడు సర్వేయరు. మా చెర్రీ వీధిలో తలుపు తలుపూ తట్టాను. అందరికంటే పాతకాపు అనుకున్న ఎదురింటి గుద్రున్ పెద్దమ్మ కూడా ఇక్కడికి వచ్చి పద్దెనిమిదేళ్ళేనట.

గురువారం పొద్దున తలుపు తీస్తే కవరు వేలాడుతోంది. నలభై ఒకటో ఉత్తరం. నంబర్లు ఆయనే వేస్తాడు, పై మూలన, ఎర్ర సిరాతో.

"గౌరవనీయులైన బోదిల్ గారికి," అని మొదలుపెట్టాడు. మా వీధిలో పాస్టరును కూడా 'నువ్వు' అనే అంటాం. ఈయన మాత్రం మొదటి ఉత్తరం రాసిన రోజు నుంచి నన్ను 'మీరు' అంటున్నాడు. మా దగ్గర అది గౌరవం కాదు, మొహం మీద తలుపు వేయడం. "విషయం: వివాదంలో ఉన్న స్థలంలో ప్రవేశం. రాబోయే శనివారం సందర్భంగా వీధిలోనివారు ఎవరైనా ఎటువంటి అలంకరణ సామగ్రినైనా తరలించదలిస్తే, తాడుకు ఇవతల కాలు పెట్టరాదు. సమాచారం కోసం: మా గుమ్మం ఎత్తు రెండు మీటర్ల పద్నాలుగు సెంటీమీటర్లు, వెడల్పు ఒక మీటరు రెండు సెంటీమీటర్లు."

మూడుసార్లు చదివాను. నాలుగోసారి గుద్రున్ పెద్దమ్మకు చదివి వినిపించాను. కాఫీకి వచ్చిన మనిషి నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"పాపం, తోరణం అడుగుతున్నాడే," అంది.

"అడుగుతున్నాడా? బెదిరిస్తున్నాడు."

"ఆయనకు రెండూ ఒకే కాగితం మీద వస్తాయి. శనివారానికి వాళ్ళకు పెళ్ళయి పాతికేళ్ళు. వెండి పెళ్ళికి గుమ్మానికి పచ్చకొమ్మల తోరణం లేకపోతే ఎలా? పొద్దున్నే పాట పాడి లేపకపోతే ఎలా? దగ్గరి పొరుగు ముందుండి కట్టించాలి. అటుపక్క ఎవరున్నారు?"

"బార్లీ చేను."

"ఇటుపక్క?"

"బార్లీనే అడుగు పెద్దమ్మా," అన్నాను.

పెద్దమ్మ కాఫీలో రొట్టె ముంచుకుని, తీరిగ్గా తిని, అప్పుడు అంది. "ఆయన కోసం కట్టమని ఎవరన్నారే? విబెకె కోసం కట్టు."

అక్కడ దొరికిపోయాను. విబెకె ప్రెబెన్ భార్య. ఊళ్ళో ముసలీ ముతకా ఇళ్ళకు తిరిగి కట్లు కట్టి, మందులిచ్చి వచ్చే నర్సు. పోయిన చలికాలం నా చేతికి మేకు దిగితే, మొగుడు ముప్పయ్యో ఉత్తరం రాస్తున్న సమయంలోనే వచ్చి కుట్లు విప్పి వెళ్ళింది. ఆ ఇల్లు ఆమె పుట్టిల్లు. తండ్రి హెనింగ్ పోయాక మూడేళ్ళ కిందట మొగుణ్ణి వెంటబెట్టుకుని ఓడెన్సె నగరం నుంచి తిరిగొచ్చింది. శనివారం పొద్దున ఆమె తలుపు తీసేసరికి గుమ్మం బోడిగా ఉంటే, ఈ ఊళ్ళో ఆ మాట ఆమె బతికినన్నాళ్ళూ చెప్పుకుంటారు.

"అక్కడే పుట్టి పెరిగిందిగా, గోడ సంగతి ఆమెకు తెలియదంటావా? అడగరాదూ?" అంది పెద్దమ్మ.

"అడిగి?"

"సాక్ష్యం చెప్పమను."

"మొగుడి మీదా? తోరణం కట్టి చేతిలో పూలు పెట్టి, ఇక సోమవారం నీ మొగుణ్ణి ఓడించమ్మా అననా? అది లంచం అవుతుంది. తోరణం కట్టకుండా అడిగితే పగ అవుతుంది."

"మరేం చేస్తావు?"

"కడతాను. కట్టి నోరు మూసుకుంటాను."

"సోమవారం?"

 ఆ సోమవారం గురించి రాత్రంతా ఆలోచించాను. పొరుగువాడి పెళ్ళాన్ని పిలిచి, నీ మొగుడు తప్పు అని చెప్పు అనడం మాకు చేతకాదు. మా పెంపకమే అంత. షెడ్డు పోగొట్టుకుంటాం గాని ఆ ప్రశ్న అడగం.

శుక్రవారం మూడింటికి వీధి వీధంతా నా షెడ్డులో ఉంది. ఇంకెవరింట్లోనూ అంత చోటు లేదు మరి. మోగెన్స్ చట్రం కొట్టాడు. ఆయన ఫెర్రీ మీద పనిచేసి రిటైరయ్యాడు, వడ్రంగం వచ్చు, అకార్డియన్ కూడా వచ్చు, రెండూ సగం సగం. మిగతావాళ్ళం సూదాకుల స్ప్రూస్ చెట్టు కొమ్మలను సన్న తీగతో చట్రానికి కడుతున్నాం. చేతుల నిండా బంక. బీరు సీసాలు చేతులు మారుతున్నాయి. గుద్రున్ పెద్దమ్మ వెండి కాగితంతో ఇరవై అయిదు అంకె కత్తిరిస్తూ కిటికీ దగ్గర కూర్చుంది. ఎవరో పాట అందుకున్నారు, ఎవరికీ రెండో చరణం రాదు. మొదటి చరణమే మళ్ళీ మళ్ళీ పాడుతున్నాం. ఎవరి కోసం కడుతున్నామో కాసేపు నిజంగానే మర్చిపోయాను.

తోరణం విషయంలో ఒక్కటే కట్టుబాటు. ముందుగా దంపతుల కంట పడకూడదు. కట్టే సంగతి వాళ్ళకు మామూలుగా తెలిసే ఉంటుంది. వాళ్ళకు తెలుసని మాకూ తెలుసు. అయినా చూడకూడదు, చూసినా చూసినట్టు ఉండకూడదు.

"అయ్యో, ప్రెబెన్ ఎర్ర స్వెటరు ఇటే వస్తోంది," అంది కిటికీ దగ్గర పెద్దమ్మ.

ఏడడుగుల తోరణాన్ని ఎక్కడ దాస్తాం? మోగెన్స్ దాని ముందు చేతులు చాపి నిలబడ్డాడు. దానివల్ల ఇంకా బాగా కనపడింది. అంతలో తలుపు తెరుచుకుంది.

"మోగెన్స్ ట్రైలరు..." అంటూ లోపలికి వచ్చిన ప్రెబెన్ తోరణాన్ని చూశాడు. ఒక్క క్షణం కాళ్ళు కదల్లేదు. తర్వాత గిరుక్కున తిరిగి ఉత్తరపు గోడకు మొహం పెట్టి నిలబడ్డాడు, బళ్ళో శిక్ష వేసిన పిల్లాడిలా.

"నేనేమీ చూడలేదు," అన్నాడు గోడతో.

"చూడ్డానికేముంది ఇక్కడ? కుర్చీ బాగుచేస్తున్నాం," అంది పెద్దమ్మ.

"పదకొండు మందా?"

"పెద్ద కుర్చీ."

ఎవరికో బీరు ముక్కులోకి పోయి దగ్గు వచ్చింది. ప్రెబెన్ కదల్లేదు. "మోగెన్స్ ట్రైలరు ఎడమ చక్రం తాడుకు మా వైపు పద్దెనిమిది సెంటీమీటర్లు ఉంది. మీరు తీయించాలి, బోదిల్ గారూ."

"తీయిస్తాలే. గోడ ముందే నిలబడ్డావు కదా, కళ్ళారా చూసుకో. సోమవారం తర్వాత ఉండదంటున్నావుగా."

"గోడ బాగానే కట్టారు. కట్టిన చోటే బాగాలేదు."

నవ్వుదామనుకున్నాను, రాలేదు. చేతిలో ఉన్న కొమ్మ బల్ల మీద పెట్టాను. "నలభై ఒక్క ఉత్తరాలు రాశావు ప్రెబెన్. ఈ షెడ్డు పోతే నేనెలా బతకాలో అందులో ఎక్కడైనా రాశావా?"

 మోగెన్స్ సుత్తి కింద పెట్టాడు. ప్రెబెన్ మొహం నాకు కనపడదు, చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

"సాక్షి ఉంటే సోమవారం నిలబెట్టండి. చట్టం మీకూ నాకూ ఒకటే," అన్నాడు చివరికి.

"లేడని తెలిసే అంటున్నావు."

ప్రెబెన్ గోడ మీద చెయ్యి ఆనించుకుని, తోరణం వైపు మొహం తిప్పకుండా, పక్కపక్కకు అడుగులు వేసుకుంటూ తలుపు దాకా వెళ్ళాడు. ఎండ్రకాయ నడకే. గడప దగ్గర ఆగాడు.

"ఎడమ కాలు రెండు సెంటీమీటర్లు పొట్టిగా ఉంది."

"ఏ ఎడమ కాలు?" అన్నాడు మోగెన్స్ కంగారుగా.

"పెద్ద కుర్చీది," అని తలుపు వేసి వెళ్ళిపోయాడు.

మోగెన్స్ టేపు పెట్టి కొలిచాడు. సరిగ్గా రెండు సెంటీమీటర్లు. షెడ్డు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు అందరూ. నేనూ నవ్వాను, నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. నన్ను రోడ్డు మీద పడేయాలని చూసే మనిషికి ఇంత హాస్యం ఉండకూడదు. ఉంటే ద్వేషించడం కష్టమవుతుంది.

శనివారం ఆరింటికల్లా ఎండ బాగా కాసేస్తోంది, జూన్ కదా. నలుగురు తోరణం మోశారు. పెరట్లోంచి వెళ్తే ఇరవై అడుగులు, కానీ తాడు దాటకూడదు కాబట్టి రోడ్డు మీదుగా వీధంతా చుట్టి వెళ్ళాం. కెమెరా ముందు నుంచి పోతుంటే గుద్రున్ పెద్దమ్మ దానికి నాలుక చూపించింది. గుమ్మానికి తోరణం నిలబెడితే అచ్చు కొలిచినట్టు సరిపోయింది. కొలిచిందే మరి. మోగెన్స్ అకార్డియన్ అందుకున్నాడు, మేం గొంతెత్తాం.

తలుపు తెరుచుకుంది. 'నిద్రలోంచి లేచిన' ప్రెబెన్ టై కట్టుకుని ఉన్నాడు. బూట్లు మెరుస్తున్నాయి. వెనకాల విబెకె మాత్రం నిజంగానే నైటీలో, జుట్టు రేగిపోయి వచ్చింది. తోరణం కింద నిలబడి పైకి చూసి, కొమ్మలు చేత్తో తడిమి, ఏడ్చేసింది.

"ఎవరూ రారనుకున్నాను. ఆ ఉత్తరాలన్నీ చూశాక కూడా వచ్చారా?" అంది.

 పక్కన చూస్తే ప్రెబెన్ తోరణం ఎడమ కాలు వైపు చూస్తున్నాడు. ఎవరూ గమనించడం లేదనుకుని బూటు కొనతో మెల్లిగా తట్టి చూసుకున్నాడు. సరిపోయింది కాబోలు, మొహం విప్పారింది.

లోపల బల్ల మీద పదమూడు ప్లేట్లు, వేడి వేడి గుండ్రని రొట్టెలు, వెన్న, జున్ను, చెర్రీ జామ్, చిన్న గ్లాసుల్లో మూలికల చేదు సారా. ఏమీ తెలియకుండా నిద్రపోతున్న ఇంట్లో పదమూడు మందికి ఫలహారం తయారు, షెడ్డులో మమ్మల్ని లెక్కపెట్టుకుపోయిన ప్రెబెన్ పనే. మూడుసార్లు హుర్రా కొట్టి కూర్చున్నాం. విబెకె నా పక్కన కూర్చుని నా చేతులు పట్టుకుని చూసింది.

"బంక ఇంకా పోలేదే. వెన్న రాయి, పోతుంది. మా అమ్మానాన్నల వెండి పెళ్ళి తోరణం కట్టినప్పుడు నాకూ ఇలాగే అంటుకుంటే ఆక్సెల్ మావయ్యే వెన్న ఇచ్చాడు."

"ఎక్కడ కట్టారేం అది?" అంది గుద్రున్ పెద్దమ్మ, ఏమీ ఎరగనట్టు.

బల్ల కింద పెద్దమ్మ కాలు గట్టిగా తొక్కాను. లాభం లేకపోయింది.

"ఎక్కడేమిటి, ఆక్సెల్ మావయ్య షెడ్డులోనే. అప్పుడే కట్టాడు, ఇంకా సున్నం వాసన పోలేదు. ఉత్తరపు గోడకు చట్రం ఆనిస్తే, పచ్చి గోడకు గీతలు పడ్డాయని అందరినీ తిట్టాడు కూడా. నా పెళ్ళికి ముందు సంవత్సరం."

బల్ల చుట్టూ నమలడం ఆగిపోయింది.

"అంటే ఇరవై ఆరేళ్ళు," అంది పెద్దమ్మ పైకే.

"విబెకె, ఆ సంగతి వదిలెయ్. ఇవాళ నీ రోజు. నేనేమీ అడగలేదు," అన్నాను.

"ఏం అడగలేదు?"

నేను నోరు విప్పలేదు. మోగెన్స్ విప్పాడు. సర్వేయరు ఏమన్నదీ, సోమవారం ఏం జరగబోయేదీ, ఇరవయ్యేళ్ళ సాక్షి కోసం నేను తట్టిన తలుపులూ, అంతా చెప్పేశాడు. విబెకె వెన్న కత్తి ప్లేటు పక్కన పెట్టింది. ముందు నన్ను చూసింది, తర్వాత మొగుణ్ణి.

"మూడేళ్ళుగా ఈ రెండిళ్ళ మధ్య కాగితాలు తిరుగుతున్నాయి. ఇద్దరిలో ఒక్కరికైనా నన్ను అడగాలని తోచలేదా? నేను ఆ గోడ పక్కనే పెరిగాను." గొంతు పెంచలేదు, కానీ మా అందరి తలలూ వంగిపోయాయి. "ప్రెబెన్, సోమవారం ఆయన అడిగితే నేను చూసింది చూసినట్టు చెప్తాను. వెనకాల చేసినట్టు ఉండకూడదని నీ ముందే చెప్తున్నా."

నా షెడ్డు నిలిచింది. లేచి ఎగరాలనిపించింది. వాళ్ళ వెండి పెళ్ళి బల్ల దగ్గర కూర్చుని, వాళ్ళ రొట్టె తింటూ అంత సంతోషం పడటం సిగ్గుగా కూడా ఉంది. అయినా మనసారా సంతోషపడ్డాను. ఇక ప్రెబెన్ లేచి కాగితాలు తెస్తాడని, చట్టం మాట్లాడతాడని చూస్తున్నాను.

ఆయన నోరు తుడుచుకున్నాడు. "చెప్పు. నిజమే కదా," అన్నాడు.

నేను కప్పు కింద పెట్టేశాను, ఆయన విబెకె వైపు తిరిగాడు.

"గోడ ఏ సంవత్సరం కట్టారో నాకు మొదటి నుంచీ తెలుసు. మీ నాన్న చెప్పాడు. ఆ నలభై సెంటీమీటర్లు ఎలాగైనా మన చేతికి రావాలని నన్ను అడిగిందీ మీ నాన్నే, ఆసుపత్రిలో, ఆఖరి వారం. నీకు చెప్పొద్దని మాట తీసుకున్నాడు. చట్టంతో కుదరదని తెలుసు. ఉత్తరాలు రాస్తూ పోతే బోదిల్ గారే విసిగి ఇల్లు అమ్ముకుంటారేమో అనుకున్నాను. విసగలేదు."

"హెనింగా?" అన్నాను. నాకు పిచ్చెక్కినట్టయింది. "హెనింగ్ పదహారేళ్ళు నా పక్కింట్లో ఉన్నాడు. రోజూ నాలుగింటికి నా షెడ్డుకు వచ్చి ఆ గోడ పక్కనే కూర్చుని కాఫీ తాగేవాడు. హద్దు గురించి ఒక్క మాట అనలేదు."

"ఆయన వచ్చింది కాఫీ కోసం కాదు. మీరు ఆ గోడ దగ్గర తవ్వుతారేమోనని కనిపెట్టుకుని ఉండటానికి."

విబెకె మొహం పాలిపోయింది. "తవ్వితే ఏముంటుంది అక్కడ?"

ప్రెబెన్ బల్ల చుట్టూ ఉన్న మా అందరినీ ఒక్కొక్కరినే చూశాడు. "ఇది బయటివాళ్ళ ముందు చెప్పే మాట కాదు, విబెకె."

ఇలాంటి మాట చెవిన పడగానే మా వీధివాళ్ళు కుర్చీలు వెనక్కి జరిపి, ఫలహారానికి థాంక్స్ చెప్పి, కోట్లు తీసుకుని వెళ్ళిపోతారు. అంత మర్యాదస్తులం. ఇవాళ మాత్రం గుద్రున్ పెద్దమ్మ ఇంకో రొట్టె తీసుకుని నిదానంగా మధ్యకు కోసింది. మోగెన్స్ జున్ను ఇటు జరపమన్నాడు. నేను కాఫీ పోసుకున్నాను. పదకొండు మందిలో ఒక్కరూ లేవలేదు.